చర్చి బేస్ యాంప్ వేడెక్కి పాట మధ్యలో ఆగిపోతోంది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

తెనాలి దగ్గర ఒక ఊరి నుంచి 24 ఏళ్ల యువకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వాళ్ల చర్చిలో ఆదివారాలూ, కూటములప్పుడూ బేస్ గిటార్ వాయించేది ఆయనే. యాంప్ 150 వాట్ల సాలిడ్ స్టేట్ కాంబో (ట్రాన్సిస్టర్లతో నడిచేది, యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటాయి), లోపల 15 అంగుళాల స్పీకర్. నాలుగేళ్ల కిందట ఆయనకు వరసకు పెదనాన్న అయ్యే సంఘ పెద్ద ఒకాయన, భార్య చనిపోయిన ఏడాదికి ఆవిడ జ్ఞాపకార్థం దాన్ని చర్చికి కొనిచ్చారు. యాంప్ పక్కన తెల్ల పెయింటుతో ఆవిడ పేరు రాయించారు. పెయింటర్ చెయ్యి జారి చివరి అక్షరం కొంచెం కిందికి దిగిందట, అది కూడా రాశారు.

క్రిస్మస్ దాకా ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతి తర్వాత ఆర్కెస్ట్రాలో వాయించే స్నేహితుడు తన దగ్గర ఊరికే పడి ఉన్న క్యాబినెట్ (విడి స్పీకర్ పెట్టె) ఒకటి ఇస్తే, దాన్ని ఒక గిటార్ కేబుల్‌తో యాంప్ వెనక కలిపారు. సౌండ్ నిండుగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. మార్చి నుంచి యాంప్ వెనక కాలిన వాసన మొదలైంది. ఇప్పుడు మే నెలలో పందిట్లో రాత్రి కూటములు జరుగుతుంటే, ముక్కాలు గంట వాయించేసరికి యాంప్ ఆగిపోతోంది. ఇంకో పావుగంటకి తనంతట తానే వస్తోంది. ఒకసారి ఫ్యూజు పోతే ఊళ్లో రిపేర్ చేసే ఆయన అంతకన్నా పెద్దది వేశాడు. ఇప్పుడు "లోపల కట్ చేసే స్విచ్ ఒకటుంది, దాన్ని డైరెక్ట్ చేసేస్తా, ఇక ఆగదు" అంటున్నాడు. మైక్ సెట్ ఆయనేమో ఆ డబ్బా తీసేసి గిటార్‌ని నేరుగా మిక్సర్‌లోకి ఇచ్చేయమంటున్నాడు. యూత్ వాళ్లు చందా వేసుకుని కొత్తది కొందామని కమిటీలో మాట పెట్టారు. ఆ రోజు నుంచి పెదనాన్న ముభావంగా ఉంటున్నారు. పాటలప్పుడు ముందు వరసలో కూర్చునే మనిషి వెనక్కి వెళ్లి కూర్చుంటున్నారు. "క్యాబినెట్ తెచ్చింది నేనే. తప్పు నాదేనేమోనని టెన్షన్‌గా ఉంది, ఎవరికీ చెప్పలేదు. రెండు వారాల్లో ఇంకో ఊళ్లో కూటములున్నాయి. ఏం చేయమంటారు?" అని అడిగారు. చివర్లో ఒక్క లైన్లో, పాడేటప్పుడు పెదవి మైకుకి తగిలితే అప్పుడప్పుడూ జివ్వుమంటోందని కూడా రాశారు.

సమాధానం

నేను ఆ చివరి లైనుతోనే మొదలుపెడతాను. మీరు అంత తేలిగ్గా దాటేశారు గానీ, ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది అదే. గిటార్ తీగలు కేబుల్ ద్వారా మీ యాంప్ చాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి కలిసి ఉంటాయి, మైకు జాలీ మిక్సర్ చాసిస్‌కి కలిసి ఉంటుంది. రెండింటిలో ఒకదానికి సరైన ఎర్త్ లేకపోతే వాటి మధ్య వోల్టేజీ నిలబడుతుంది, మీ చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉన్నప్పుడు ఆ రెండింటినీ కలిపే తీగ మీరే అవుతారు. ఇవాళ జివ్వుమన్నది చిన్న లీకేజీ కావచ్చు, రేపు వర్షం పడి నేల తడిసిన రోజున అదే ప్రాణం తీసేది కావచ్చు. ఏది ఏదో ఒంటికి తగిలించుకుని తేల్చుకోకూడదు.

కాబట్టి యాంప్ సంగతి ఏమైనా సరే, వచ్చే కూటములకి పందిట్లో కరెంటు వేసే ఎలక్ట్రీషియన్‌ని పట్టుకోండి. మీ యాంప్, మిక్సర్, కీబోర్డు అన్నీ ఒకే బోర్డు నుంచి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులతోనే రావాలి. జనరేటర్ మీద నడిపినా ఎర్త్ రాడ్ పాతి తీరాలి. బోర్డుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) పెట్టించండి. వాయించే ముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టేజీలో పెట్టి, ఒక మొన తీగలకి, ఇంకోటి మైకు జాలీకి ఆనించి చూడమనండి. దాదాపు సున్నా ఉండాలి. పదుల్లో చూపిస్తే, పాస్టర్ గారు పిలిచినా సరే గిటార్ ముట్టుకోవద్దు. హమ్ (గుయ్‌మనే చప్పుడు) వస్తోందని ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లు ఉంటారు, మీ సెట్లో ఎవరైనా ఆ పని చేశారేమో అన్ని ప్లగ్గులూ ఒకసారి విప్పి చూడండి.

ఇక యాంప్. అది చచ్చిపోలేదు. ఆగి, చల్లారాక ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి వస్తోందంటే అది చేస్తున్నది తనని తాను కాపాడుకోవడం. లోపల పవర్ ట్రాన్సిస్టర్లు బిగించిన అల్యూమినియం రెక్కల దిమ్మ ఉంటుంది, హీట్ సింక్ అంటారు. దాని మీద చిన్న థర్మల్ స్విచ్ ఉంటుంది. మోడల్‌ని బట్టి 70 నుంచి 100 డిగ్రీల లోపు ఏదో ఒక గీత దగ్గర అది తెగి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. ఫ్యూజు అలా తిరిగి రాదు. అంటే ప్రస్తుతానికి మీ యాంప్‌లో కచ్చితంగా పనిచేస్తున్న భాగం ఆ స్విచ్చే. రిపేర్ ఆయన డైరెక్ట్ చేస్తానంటున్నది కూడా దాన్నే.

దయచేసి చేయించొద్దు. స్విచ్‌ని తప్పిస్తే వేడి తగ్గదు, వేడికి అడ్డు పోతుంది. ట్రాన్సిస్టర్ ఒక హద్దు దాటి వేడెక్కితే షార్ట్ అవుతుంది, షార్ట్ అయితే లోపలి డీసీ వోల్టేజీ తిన్నగా స్పీకర్ మీద పడి దాని లోపలి తీగ చుట్ట, అంటే కాయిల్, కాలిపోతుంది. చుట్టూ గుడ్డల పందిరి, వెనక శాటిన్ తెర, కింద పట్టాలు ఉన్న చోట కాయిల్ నిప్పందుకుంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ఆ పెద్ద ఫ్యూజు కూడా ఇవాళే మార్చేయండి. యాంప్ వెనక ప్యానెల్ మీద ఏ విలువ అచ్చు వేసి ఉందో అదే వేయాలి, విలువకి ముందు టీ అనే అక్షరం ఉంటే స్లో బ్లో రకం అడగండి. ఆయన చెడ్డవాడని కాదు, టీవీలూ మిక్సీలూ ఆగకుండా నడిపించడమే ఆయన పని, ఇక్కడ కూడా అదే ఆలోచించాడు.

ఇప్పుడు వేడి ఎక్కడిదో చూద్దాం. మీ ఉత్తరంలో ముగ్గురు అనుమానితులున్నారు, ముగ్గురూ ఒకేసారి పనిచేస్తున్నారు, అందుకే తికమకగా ఉంది.

మొదటిది ఆ క్యాబినెట్. స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డు పడుతుందో ఓమ్స్‌లో చెబుతారు, ఆ అంకె తగ్గిన కొద్దీ యాంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. దాని వెనక స్టిక్కర్ మీద 4 ఓమ్స్ అనీ, మీ కాంబో లోపలి స్పీకర్ 8 ఓమ్స్ అనీ, యాంప్ మీద "కనీసం 4 ఓమ్స్" అని ఉందనీ మీరే రాశారు. ఇవి మీరు చూసి రాయడం చాలా మంచిదైంది. ఎక్స్‌టెన్షన్ జాక్‌లో పెట్టిన స్పీకర్ సాధారణంగా లోపలిదానికి ప్యారలల్‌లో, అంటే కరెంటు రెండిట్లోకీ విడివిడిగా పారేలా కలుస్తుంది. 8నీ 4నీ గుణిస్తే 32, కూడితే 12, 32ని 12తో భాగిస్తే 2.67. నాలుగుకి తగ్గకూడదన్న యాంప్‌కి మీరు రెండున్నర చిల్లర తగిలించారు. ఒకే ట్యాంకుకి ఇంకో లావు కుళాయి పెట్టినట్టు: నీళ్లు ఎక్కువ వస్తున్నట్టే ఉంటుంది, ట్యాంకు ఎంత తొందరగా ఖాళీ అవుతోందో పైన ఉన్నవాళ్లకే తెలుస్తుంది. వాల్యూమ్ నాబ్ అదే చోట ఉన్నా, లోపలి స్పీకర్ ఒక్కటే ఉన్నప్పటి కన్నా ఇప్పుడు మూడు రెట్లు కరెంటు లాగుతోంది. మీ యాంప్ లాంటి పాత పద్ధతి క్లాస్ ఏబీ యాంపుల్లో గోడ నుంచి తీసుకున్న పవర్‌లో సగమో, అంతకన్నా ఎక్కువో వేడిగానే పోతుంది. కరెంటు పెరిగిన కొద్దీ ఆ వేడీ పెరుగుతుంది. సౌండ్ నిండుగా వచ్చిందన్న సంతోషానికి ఖరీదు అదే.

పైగా దాన్ని గిటార్ కేబుల్‌తో కలిపారు. గిటార్ కేబుల్ లోపలి తీగ సన్నం, చుట్టూ షీల్డు ఉంటుంది. గిటార్ నుంచి యాంప్ దాకా అది సరైనదే, యాంప్ నుంచి స్పీకర్‌కి మాత్రం పనికిరాదు. అది వేడెక్కుతుంది, కొన్ని యాంపులు దాని వల్ల చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఊగిసలాడి ఇంకా వేడెక్కుతాయి. రెండు తీగల స్పీకర్ కేబుల్ వేరే ఉంటుంది, జాక్ చూడటానికి ఒకేలా ఉన్నా లోపల వేరు.

స్టిక్కర్లని కూడా పూర్తిగా నమ్మొద్దు. ఎప్పుడో స్పీకర్ మార్చి స్టిక్కర్ వదిలేసి ఉండొచ్చు. క్యాబినెట్‌ని యాంప్ నుంచి విడదీసి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. 8 ఓమ్స్ స్పీకర్ ఆరు దరిదాపుల్లో చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది మూడు, మూడున్నర చూపిస్తుంది. రాసిన దానికన్నా తక్కువ చూపించడం సహజమే, కంగారు పడొద్దు.

రెండో అనుమానితుడు గాలి. స్టేజీ మీద అందంగా ఉండాలని యాంప్ చుట్టూ శాటిన్ గుడ్డ కడతారని రాశారు, ఫ్యాన్ చప్పుడు ఈ మధ్య వినపడటం లేదనీ రాశారు. ఈ రెండూ కలిస్తే చాలు. మంచి యాంప్ అయినా ఉడికిపోతుంది. డిసెంబరులో ఏమీ కాకుండా మే నెలలో ఎందుకు ఆగుతోందంటే, హీట్ సింక్ చుట్టూ ఉన్న గాలి కన్నా ఇన్ని డిగ్రీలు పైకి అని లెక్కన వేడెక్కుతుంది, థర్మల్ స్విచ్ గీత మాత్రం కదలదు. ఉదాహరణకి మీ వాయింపుకి అది 45 డిగ్రీలు పైకి ఎక్కుతుందనుకోండి. క్రిస్మస్ రాత్రి గాలి 20 డిగ్రీలుంటే 65 దగ్గర ఆగుతుంది. మే నెల పందిట్లో లైట్ల కింద 38 ఉంటే 83కి చేరుతుంది. యాంప్ పాడవ్వకుండానే ఇంత తేడా వస్తుంది.

కాబట్టి గుడ్డ తీసేయండి, లేదా ముందు వైపు మాత్రమే కట్టమని అక్కావాళ్లకి చెప్పండి. వెనక కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి. ఇసకలోనో గడ్డి మీదో కాకుండా ఒక బల్ల మీద పెట్టండి. ప్లగ్గు తీసేసి వెనక జాలీలోంచి టార్చి వేసి చూడండి. దుమ్ము పేరుకుని బూడిద రంగు పట్టు గుడ్డలా పరుచుకుని ఉంటుంది. బ్రష్‌తోనో, బ్లోయర్‌తోనో తీయొచ్చు, కానీ ఫ్యాన్ రెక్క తిరక్కుండా పుల్లతో ఆపి తీయండి. కొన్ని యాంపుల్లో ఫ్యాన్ వేడెక్కాకే తిరుగుతుంది, అందుకని ఆన్ చేయగానే తిరగలేదని తీర్పు ఇవ్వొద్దు. వేడిగా ఉన్నప్పుడు కూడా తిరక్కపోతే ఫ్యాన్ పోయినట్టు. అదే సైజు, అదే వోల్టేజీది అడిగి వేయించుకోవాలి, 12 వోల్టులా 24 వోల్టులా అన్నది పాత ఫ్యాన్ మీదే రాసి ఉంటుంది. మీకు దగ్గర్లో దొరక్కపోతే హైదరాబాద్ వెళ్లేవాళ్లతో కోఠి గుజరాతీ గల్లీలో అడిగించండి.

మూడోది మీ చెయ్యి. బేస్ నాబ్ చివరిదాకా తిప్పి వాయిస్తున్నానని రాశారు. బయట గోడలు ఉండవు కాబట్టి కింది స్వరాలు గాల్లో కలిసిపోతాయి, వినపడక ఇంకా పెంచుతాం, అందరూ చేసేదే. కానీ మూడు డెసిబెల్స్ పెంచితే ఆ స్వరాలకి రెట్టింపు పవర్ కావాలి, పన్నెండు పెంచితే పదహారు రెట్లు. అన్నిటికన్నా లావు తీగని ఊరికే మీటితే 41 హెర్ట్జ్, అంత కింద మన చెవి పెద్దగా వినదు, యాంప్ మాత్రం చెమటోడుస్తుంది. బేస్ నాబ్‌ని మధ్యకి తెచ్చి, 150 నుంచి 250 హెర్ట్జ్ దగ్గర, అంటే చాలా యాంపుల్లో లో మిడ్ అని ఉండే నాబ్‌ని కొంచెం పెంచి చూడండి. దగ్గర నిలబడి వింటే సౌండ్ పలచబడినట్టు అనిపిస్తుంది. ఇరవై అడుగుల దూరం నుంచి వినండి, ఏ స్వరం వాయిస్తున్నారో ఇప్పుడే తెలుస్తుంది.

ఈ మూడింటినీ విడదీయడానికి ఒక సాయంత్రం చాలు. చర్చి హాల్లో, క్యాబినెట్ తీసేసి, గుడ్డ తీసేసి, గిటార్ పెట్టకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి యాంప్‌ని అరగంట ఆన్‌లో వదిలేయండి. తర్వాత వెనక హీట్ సింక్ బయటికి కనపడుతుంటే దాని మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే లోపల అంతా బాగున్నట్టే, అప్పుడు ఒక గంట మామూలుగా వాయించండి. వేడెక్కినా ఆగకపోతే మీ దొంగ క్యాబినెట్టో, గాలో, రెండూనో, మెకానిక్ అక్కర్లేదు. ఏమీ వాయించకుండానే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మాత్రం లోపలే లోపముంది.

ఆ రెండో సందర్భంలో స్క్రూలు మీరు విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది. ఆడియో పవర్ యాంపులు చేసే టెక్నీషియన్ దగ్గరికి వెళ్లి నాలుగు విషయాలు చూడమనండి: బయాస్ కరెంటు (ఏమీ వాయించకపోయినా ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) ఎక్కువైందా, ట్రాన్సిస్టర్ల కింద థర్మల్ పేస్ట్ ఎండిపోయిందా, కెపాసిటర్లు ఉబ్బాయా, స్పీకర్ దగ్గర డీసీ ఎంత వస్తోంది. చివరిది కొద్ది పదుల మిల్లీవోల్టుల్లో ఉండాలి. "బయాస్" అనగానే ఆయన మీటర్ చేతిలోకి తీసుకుంటే సరైన చోటికి వచ్చినట్టే, "అవన్నీ ఎందుకండీ, ఐసీ మార్చేద్దాం" అంటే ఇంకొకర్ని చూడండి. (ఇది చదివేవాళ్లలో ట్యూబ్ యాంప్ ఉన్నవాళ్లకి ఒక మాట: మీది ఊరికే ఉన్నా వేడిగానే ఉంటుంది, అది మామూలే, కానీ స్పీకర్ తీసేసి ఎప్పుడూ ఆన్ చేయొద్దు.)

ఇంక రెండు వారాల్లో వచ్చే కూటముల సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

పాత యాంప్ ఒక్కదాన్నే, క్యాబినెట్ లేకుండా వాడటం ఒకటి. 8 ఓమ్స్ స్పీకర్ మీద 150 వాట్లకి బదులు వందలోపే రావచ్చు, సౌండ్ తగ్గుతుంది, మీకు తెలుస్తుంది కూడా. కానీ దాని వెనక లైన్ అవుట్ (మిక్సర్‌కి సిగ్నల్ ఇచ్చే జాక్) ఉంటే మిక్సర్‌లోకి ఇచ్చి, యాంప్‌ని మీకూ డ్రమ్స్ వాయించే అబ్బాయికీ వినపడేంత వరకే ఉంచుకోవచ్చు, జనానికి పెద్ద స్పీకర్లే వినిపిస్తాయి. మైక్ సెట్ ఆయన చెప్పింది సగం నిజం, మీరు ఇలా చేస్తే ఆయన మాటా నిలుస్తుంది, యాంపూ స్టేజీ మీదే ఉంటుంది. నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

రెండోది యాంప్ లేకుండా డీఐ బాక్స్‌తో (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) నేరుగా మిక్సర్‌లోకి ఇవ్వడం. డబ్బు తక్కువ, వేడి లేదు, మోసుకెళ్లే పనీ లేదు. కానీ మీకు మానిటర్ స్పీకర్ సరిగ్గా ఇవ్వకపోతే మీ వాయింపు మీకే వినపడదు, మీ సౌండ్ పూర్తిగా ఇంకొకరి చేతిలో ఉంటుంది.

మూడోది కొత్తది. ఇప్పుడొచ్చే క్లాస్ డీ యాంపులు తీసుకున్న పవర్‌లో తొంభై శాతం దాకా సౌండ్‌కే ఇస్తాయి, చేత్తో ఎత్తుకెళ్లొచ్చు, వేడి తక్కువ. కానీ వాటికీ ఓమ్స్ గీత ఉంటుంది, వాటికీ గాలి కావాలి. ఇదే క్యాబినెట్‌ని ఇలాగే కలిపి, ఇదే గుడ్డ చుడితే చందా డబ్బులు పెట్టి కొన్న కొత్తది కూడా వచ్చే వేసవికి ఇలాగే ఆగుతుంది. పరీక్ష చేయకుండా కొనొద్దని నేననేది అందుకే. మీకు రెండో క్యాబినెట్ మీద అంత ఇష్టముంటే, అందులో స్పీకర్ తీసి అదే సైజు 8 ఓమ్స్‌ది వేయించండి, అప్పుడు రెండూ కలిసి సరిగ్గా 4 అవుతాయి, యాంప్‌కి అభ్యంతరం ఉండదు.

ఇక పెదనాన్న గారు. ఆయన ముభావానికి కారణం యాంప్ ఆగిపోవడం కాదనిపిస్తోంది నాకు. భార్య పేరు రాసిన వస్తువు గురించి పదిమందిలో "ఆ పాతది తీసేద్దాం" అన్నారు. అన్నవాళ్లకి అది యాంప్, ఆయనకి అది వేరే. మీరు క్యాబినెట్ కలపడం తెలియక చేసిన పని, చెడగొట్టాలని చేసింది కాదు. కానీ దాచిన కొద్దీ "ఆయన ఇచ్చిన వస్తువే నాసిరకం" అన్న మాట సంఘంలో గట్టిపడుతుంది, అది అబద్ధం, ఆ అబద్ధం ఆయన మీద పడుతోంది. మీరు చెప్పకపోతే అది ఆగే దారి లేదు. చెబితే ఒకపూట కోప్పడతారేమో, ఇంట్లో నాన్నగారి దాకా వెళ్తుందేమో, ఆ మాత్రం ఉంటుంది. కమిటీలో ముందు చెబితే ఆయనకి మళ్లీ పదిమందిలో తెలిసినట్టవుతుంది, కాబట్టి ముందు ఆయనకే చెప్పండి.

వీలైతే ఆ అరగంట పరీక్షకి ఆయన్నే రమ్మనండి. "పెదనాన్నా, యాంప్ బాగానే ఉంది, నేను కలిపిన పెట్టె వల్ల ఇబ్బంది పడుతోందేమో, ఒకసారి చూద్దాం రండి" అంటే చాలు. పరీక్షలో లోపలే లోపమని తేలితే ఆ మాట మీరు సరిదిద్దుకోవచ్చు, ఖర్చెంతో తెలిశాక బాగు చేయించాలా, హాల్లో ప్రాక్టీసుకి ఉంచి కూటములకి కొత్తది కొనాలా అన్నది ఆయన కూడా ఉన్నప్పుడే కమిటీ తేల్చుకోవచ్చు. యూత్ వాళ్లకి మీరు మల్టీమీటర్ లెక్కలు చూపిస్తే చందా సంగతి వాళ్లే కొన్నాళ్లు ఆపుతారు.

కూటముల రాత్రి ఏం చేసినా ఆగిపోయిందనుకోండి, పదేపదే ఆఫ్ ఆన్ చేయొద్దు. వాల్యూమ్ సున్నాకి తెచ్చి, ఫ్యాన్ తిరుగుతుంటే తిరగనివ్వండి, వెనక ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టండి, ఆ పావుగంట డీఐ మీద నడపండి. డీఐ బాక్స్ ఒకటి ముందే మైక్ సెట్ ఆయన్ని తెచ్చి ఉంచమనండి. పరీక్ష అయ్యాక హీట్ సింక్ ఎంత వేడెక్కిందో, మీటర్‌లో ఏ అంకెలు వచ్చాయో రాసి పంపండి, చూసి చెబుతాను.